ఎర్రబడని వరసలు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో కంప్యూటర్లు రాకముందు, గుమస్తా బల్ల మీద నీలం పెన్నుతో పాటు ఒక ఎర్ర పెన్సిలు కూడా ఉండేది. రైతు మిర్చి టిక్కీలు తెచ్చి దించుతాడు. లాటు నంబరు వేసి బాండు రాసిస్తారు. ఆ బాండు పెట్టి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటే ఆ సంగతి చెబుతూ స్టోరేజీకి ఉత్తరం వస్తుంది. అప్పు తీరిందని బ్యాంకు మళ్లీ కాగితం పంపేదాకా ఆ సరుకు గేటు దాటకూడదు. అందుకని గుమస్తా రిజిస్టరులో ఆ లాటు వరస మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టేవాడు. డెలివరీ చూసే కుర్రాడికి చదువు అంతంతమాత్రమే అయినా ఆ గీత అర్థం తెలుసు. లారీ వచ్చి నిలబడ్డా, రైతు బతిమాలినా, గీత ఉన్న లాటుకి తలుపు తీసేవాడు కాదు.

1990ల నడిమిలో ఆ రిజిస్టర్లు కంప్యూటరెక్కడం మొదలైంది. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఫాక్స్‌ప్రో నేర్చుకున్న కొందరం ఆ పనిలోకి దిగాం. కోల్డ్ స్టోరేజీలు, కమిషన్ కొట్లు, హోల్‌సేల్ మందుల దుకాణాలు, లారీ ఆఫీసులు మా ఖాతాదారులు. వాళ్ల పద్ధతి వాళ్లది, అది తెలిసిన సాఫ్ట్‌వేర్ బజారులో దొరికేది కాదు. ఎవరి లెక్క వాళ్లకి రాసిచ్చేవాళ్లం. ప్రోగ్రాం చూపించగానే యజమానులు ముందుగా అడిగేది అద్దె లెక్క సరిగ్గా వస్తుందా అని కాదు. "ఆ ఎర్ర గీత తెర మీద కనపడుద్దా అమ్మా?" అని అడిగేవాళ్లు.

కనపడుతుందని ధైర్యంగా చెప్పడానికి మా వృత్తికి చాలా ఏళ్లు పట్టింది. ఒక వరసని మాత్రమే ఎర్రగా చూపించడానికి ఎన్ని దారులు తొక్కామో, ఎర్రబడాల్సింది ఎర్రబడకపోతే తప్పు ఎక్కడుందో ఎలా వెతికామో, ఇదంతా చేతి విద్య. ఒకరి పక్కన కూర్చుని మరొకరు నేర్చుకున్నదే తప్ప గుంటూరులో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ తరం ప్రోగ్రాములు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి కాబట్టి నాకు తెలిసినంత రాసిపెడుతున్నాను. ఇన్నేళ్లు ఈ పనిచేశాక నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటుంది. రంగు రాలేదని పిలిచిన చోటల్లా నేను రంగు కోసం వెతికితే, చాలాసార్లు దొరికింది ఆ ఆఫీసు ఎన్నడూ కాగితం మీద పెట్టని సంగతి.

డాస్ రోజుల్లో ఈ చిక్కు లేదు. డీబేస్, ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముల్లో వరసలని మనమే ఒక్కొక్కటిగా తెర మీద అచ్చు వేసేవాళ్లం. ఫలానా గడిలో ఫలానా విలువ వెయ్యి, ఫలానా రంగులో వెయ్యి అని ప్రతి వరసకీ విడిగా చెప్పే వీలుండేది. తెర మీద ప్రతి అక్షరానికీ రెండు బైట్లు. ఒకటి అక్షరం, రెండోది దాని రంగు. ఆ రంగు బైటులో నాలుగు బిట్లు అక్షరం రంగుకి, మూడు బిట్లు వెనక రంగుకి, మిగిలిన ఒక్క బిట్ అక్షరం మిణుకుమనడానికి. డీబేస్ భాషలో ఎరుపుకి ఆర్, తెలుపుకి డబ్ల్యూ, నలుపుకి ఎన్. ప్లస్ గుర్తు పెడితే వెలుగు పెరుగుతుంది, నక్షత్రం పెడితే మిణుకుతుంది. ఇంత వీలున్నా, మా ఊళ్లో చాలా ఆఫీసుల్లో ఉన్నవి ఒకే రంగు మానిటర్లు. పచ్చటి తెరకో పసుప్పచ్చటి తెరకో ఎరుపు అని చెబితే దానికేం తెలుస్తుంది? అందుకని బ్యాంకు అప్పున్న లాట్లని మిణుకుమనిపించేవాళ్లం. సీజనులో అలాంటి లాట్లు తెర నిండా ఉండేవి. పొద్దస్తమానం వాటి ముందు కూర్చున్న ఆపరేటర్లకి సాయంత్రానికి తలనొప్పి. ఎర్ర పెన్సిలు ఎవరి కళ్లనీ అంత బాధపెట్టలేదు.

ఈలోగా అమెరికాలో వేరే కథ నడుస్తోంది. ఒమెగా అనే పేరుతో మొదలెట్టిన డేటాబేస్ ప్రయత్నాన్ని మైక్రోసాఫ్ట్ పక్కన పెట్టేసి, సిర్రస్ అనే మారుపేరుతో ఇంకొకటి తయారుచేసింది. అదే 1992 నవంబరులో యాక్సెస్ అనే పేరుతో విడుదలైంది. ఆ ఏడాదే ఫాక్స్‌ప్రో తయారుచేసిన ఒహాయో రాష్ట్రపు ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ని కూడా మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఫాక్స్‌ప్రోలో వెతుకులాటని వేగంగా జరిపించే రష్‌మోర్ పద్ధతిని 1994లో వచ్చిన యాక్సెస్ రెండో వెర్షన్‌లోకి తెచ్చుకుంది. యాక్సెస్ 95తో పాత యాక్సెస్ బేసిక్ పోయి దాని జాగాలో వీబీఏ వచ్చింది. మా గుంటూరు పనుల్లోకి గట్టిగా వచ్చింది మాత్రం యాక్సెస్ 97. టేబుళ్లు, ఫారాలు, రిపోర్టులు, కోడ్ అన్నీ ఒకే ఫైల్లో ఇమిడేవి. కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాం మొత్తం ఫ్లాపీల మీద కుదించి పట్టుకెళ్లి బిగించి వచ్చేవాళ్లం.

ఎర్ర గీత కథ అడ్డం తిరిగింది ఇక్కడే. యాక్సెస్‌లో వరసలు వరసలుగా కనిపించే ఫారాన్ని కంటిన్యువస్ ఫారం అంటారు. తెర మీద ముప్పై లాట్లు కనిపిస్తే, లాటు నంబరు చూపించే టెక్స్ట్ బాక్సులు ముప్పై ఉన్నాయని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి ఉన్నది ఒక్కటే. ఒకే రబ్బరు స్టాంపుని అంకె మార్చుకుంటూ ముప్పై సార్లు గుద్దినట్టు, యాక్సెస్ ఆ ఒక్క బాక్సునే కిందికి కిందికి గీస్తూ పోతుంది. కాబట్టి కోడ్‌లో "అప్పుంటే బాక్సు వెనక రంగు ఎరుపు చెయ్యి" అని రాస్తే, కర్సరు ఉన్న లాటుకి అప్పుంటే తెర మీది లాట్లన్నీ ఎర్రబడేవి. కర్సరు కిందికి దిగి అప్పులేని లాటు మీదికి వస్తే అన్నీ తెల్లబడేవి. బాణం గుర్తు నొక్కుతూ పోతుంటే తెర మొత్తం ఎరుపూ తెలుపూ ఎరుపూ తెలుపూ. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్లూ మొదట ఇది చూసి, కంప్యూటరుకి వైరస్ పట్టిందనే అనుకునేవాళ్లు.

రిపోర్టుల్లో ఈ బాధ లేదు. కాగితం మీద అచ్చు వేసేటప్పుడు యాక్సెస్ ప్రతి రికార్డుకీ ఒకసారి ఆగి, ఫార్మాట్ అనే ఈవెంట్ కింద మనం రాసిన కోడ్ నడిపి, తర్వాత ముందుకి పోతుంది. అక్కడ రంగు మారిస్తే ఆ వరస వరకే మారుతుంది. అందువల్ల 97 వెర్షన్‌లోనే డాట్ మ్యాట్రిక్స్ కాగితం మీద అప్పున్న లాట్లు మందమైన అక్షరాల్లో వచ్చేవి. తెర మీద మాత్రం వచ్చేవి కావు. ఇంకా బాధ కలిగించే విషయం ఏమిటంటే, 1995లో వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రో మూడో వెర్షన్ గ్రిడ్‌లో డైనమిక్‌బ్యాక్‌కలర్ అనే ప్రాపర్టీ ఉంది. దానికి ఒక షరతు రాసిస్తే ఏ వరస రంగు ఆ వరసకే వస్తుంది. రెండూ ఒకే కంపెనీ సరుకులు. రష్‌మోర్‌ని ఇటు తెచ్చుకున్నవాళ్లు వరస రంగుని తెచ్చుకోవడానికి ఇంకో నాలుగేళ్లు తీసుకున్నారు. వేగం కొలవడానికి పరీక్షలుంటాయి. గేటు దగ్గర పొరపాటున సరుకు వదిలిన కుర్రాడి జీతంలో కోత పడితే దాన్ని కొలిచే పరీక్ష లేదు. అందుకే అది వెనకబడిందని నా అభిప్రాయం.

ఆ నాలుగేళ్లూ మేం ఉపాయాలతో నెట్టుకొచ్చాం. మొదటి ఉపాయం నంబర్ల ఫార్మాట్ ప్రాపర్టీ. దానికి సెమీకోలన్లతో విడదీసిన నాలుగు భాగాలుంటాయి. ధన సంఖ్యకి ఒకటి, రుణ సంఖ్యకి ఒకటి, సున్నాకి ఒకటి, గడి ఖాళీగా ఉంటే ఒకటి. ఏ భాగంలోనైనా చదరపు బ్రాకెట్లలో రంగు పేరు రాయొచ్చు. ఎనిమిది రంగులు మాత్రమే దొరుకుతాయి. ఇది ఒకే బాక్సుని గుద్దే పద్ధతికి అడ్డుపడదు, ఎందుకంటే రంగు ఇక్కడ బాక్సుది కాదు, ఆ వరసలోని విలువది. యాక్సెస్‌లో అవును అన్న జవాబు విలువ మైనస్ ఒకటి కాబట్టి, అప్పుందా లేదా అన్న గడిని నంబరుగా చూపించి రుణ సంఖ్య భాగంలో ఎరుపు పెడితే పని జరిగేది. అక్షరం రంగు మాత్రమే మారేది, వెనక రంగు కాదు. అయినా పిల్లల్లాగా సంబరపడ్డాం.

ఆ నాలుగో భాగం గురించి ఒక మాట. ఖాళీ గడిని సున్నాగా చూడకుండా, దానికి విడిగా ఒక చోటు ఇచ్చిన పద్ధతి అది. అది పెట్టినవాళ్లు ఎవరో గాని లెక్కల పుస్తకాలు రాసిన చేతుల్ని దగ్గర నుంచి చూసినవాళ్లై ఉంటారు. దాని విలువ నాకు తర్వాత తెలిసొచ్చింది.

రెండో ఉపాయం ఇంకా మొరటుది. వరస వెనకాల వెడల్పాటి టెక్స్ట్ బాక్స్ పెట్టి, అందులో అప్పుంటే నిండు చదరాలు బారుగా వచ్చేలా, లేకపోతే ఏమీ రాకుండా ఒక సూత్రం రాసేవాళ్లం. ముందున్న బాక్సుల వెనక రంగు తీసేసి పారదర్శకం చేస్తే, వెనకాల చదరాలు కలిసిపోయి ఎర్రటి పట్టీలాగా కనిపించేవి. ఆ నిండు చదరం టెర్మినల్ ఫాంట్‌లో 219వ అక్షరం. వెబ్‌డింగ్స్ ఫాంట్‌లో ఇంగ్లీషు చిన్న జి అక్షరం కొడితే వస్తుంది. ఒక కమిషన్ కొట్టులో పాత విండోస్ 95 మిషను మీద ఈ ప్రోగ్రాం తెరిస్తే, ఎర్ర పట్టీ రావలసిన చోట ఎర్రటి జి అక్షరాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వచ్చాయి. కోడ్‌లో ఏ తప్పూ లేదు. ఆ మిషనులో వెబ్‌డింగ్స్ ఫాంట్ లేదు, అంతే. ఫాంట్ ఫైలు కాపీ చేస్తే నిమిషంలో పోయింది. అప్పటినుంచి ఏ ఆఫీసుకి వెళ్లినా ముందు ఫాంట్ల ఫోల్డరు తెరిచి చూడటం మాకందరికీ అలవాటైంది.

1999లో ఆఫీస్ 2000తో పాటు యాక్సెస్ 2000 వచ్చింది. అందులో ఫార్మాట్ మెనూ కింద కండిషనల్ ఫార్మాటింగ్ అనే కొత్త పేరు కనిపించింది. ఎక్సెల్‌లో అది 97లోనే ఉంది. యాక్సెస్‌లో ఒక గడికి మూడు షరతుల దాకా ఇచ్చారు. గడి విలువ ఇంతకంటే ఎక్కువా తక్కువా అన్నది ఒక రకం, మనం రాసుకున్న సూత్రం నిజమా కాదా అన్నది ఇంకొక రకం, కర్సరు ఆ గడిలో ఉందా అన్నది మూడో రకం. ప్రతి షరతుకీ వెనక రంగు, అక్షరం రంగు, మందం, ఏటవాలు, కింద గీత, గడిలో టైపు చెయ్యనివ్వాలా వద్దా అన్నవి ఎంచుకోవచ్చు. టెక్స్ట్ బాక్సులకి, కాంబో బాక్సులకి తప్ప మిగతా వాటికి పనిచేయదు. టిక్ పెట్టే గడికి గాని, బటనుకి గాని రంగు మార్చలేం. వరస మొత్తం ఎర్రబడాలంటే వెనకాల వెడల్పాటి బాక్స్ పెట్టే పాత పద్ధతే ఉండిపోయింది, లోపల చదరాలు మాత్రం పోయాయి.

డైలాగులో కూర్చుని ఒక్కొక్క గడికీ షరతులు కొట్టడం కంటే కోడ్‌తో పెట్టడం మాకు నచ్చింది. ఫార్మాట్‌కండిషన్స్ అనే గుంపు, దానికి యాడ్, డిలీట్ అనే పనులు. ఫారం తెరుచుకునేటప్పుడు పాత షరతులన్నీ తుడిచేసి, కొత్తవి వరసగా చేర్చాలి. తుడవకుండా చేరుస్తూ పోతే నాలుగో దానికి ఎర్రర్ వచ్చేది. ఈ కోడ్‌ని ఫారం లోడ్‌లో పెట్టాలి గాని, రికార్డు మారినప్పుడల్లా నడిచే కరెంట్ ఈవెంట్‌లో కాదు. ఎర్రర్లు చూపించవద్దన్న ఒక్క లైను కోడ్ మొదట్లో రాసిపెట్టుకున్న వాళ్లకి ఈ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు. ఎర్రర్ వచ్చేది, ఎవరికీ కనిపించేది కాదు, రంగు మాత్రం రాదు. ఎవరైనా రంగు రావడం లేదని పిలిస్తే నేను ముందు చేసే పని ఆ లైనుని తీసేయడం. మిషను చెబుతున్న మాట వినకుండా దాని జబ్బు ఎలా తెలుస్తుంది?

షరతుల వరస కూడా ముఖ్యం. పై నుంచి చూసుకుంటూ వచ్చి మొదట నిజమైన షరతు దగ్గరే ఆగిపోతుంది. అందుకని గట్టి షరతు పైన, మెత్తటిది కింద ఉండాలి. మందుల దుకాణంలో 90 రోజుల్లో గడువు తీరేవి పసుపు, 30 రోజుల్లో తీరేవి ఎరుపు అని పెట్టి, 90ని పైన రాస్తే ఎరుపు అన్నదే జన్మలో కనిపించదు. పది రోజులున్న మందుకి కూడా 90 రోజుల షరతు నిజమే కదా!

మందుల గడువు తేదీలదే పెద్ద కథ. స్ట్రిప్పు మీద గడువు 06/03 అని ఉంటుంది, అంటే 2003 జూన్. ఆపరేటరు దాన్ని చూసి చూసినట్టుగా 6/03 అని కొడుతుంది. తేదీ గడిలో రెండు అంకెలే కొడితే యాక్సెస్ వాటిని రోజు, నెల అనుకుని, సంవత్సరం ఈ ఏడాదిదే తగిలించుకుంటుంది. మన పద్ధతిలో పెట్టిన మిషను మీద అది మార్చి 6 అవుతుంది. అమెరికా పద్ధతిలో వదిలేసిన మిషను మీద జూన్ 3 అవుతుంది. ఒకే దుకాణంలో రెండు మిషన్లు రెండు రకాలుగా ఉంటే, ఒకే మందు ఒకచోట ఎరుపు, ఒకచోట తెలుపు. రంగుల కోడ్ ఎంత తిరగేసినా అందులో ఏమీ దొరకదు. దొరికేది కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతీయ సెట్టింగుల్లో. దీనికి సరైన మందు నెలకి ఒక గడి, సంవత్సరానికి ఒక గడి విడిగా ఇచ్చి, ఆ నెల చివరి తేదీని కోడ్‌తోనే లెక్కకట్టించడం. అలా మార్చిన దుకాణాల నుంచి మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు.

దీనికి అన్నలాంటి తప్పు ఇంకొకటుంది. కోడ్‌లోనూ ఎస్‌క్యూఎల్‌లోనూ హ్యాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని యాక్సెస్ అమెరికా పద్ధతిలోనే చదువుతుంది, మిషను సెట్టింగు ఏదైనా సరే. ఏప్రిల్ 5 అనుకుని 05/04 అని పంపితే మే 4 అవుతుంది. కాని 25/04 పంపితే, 25వ నెల లేదు కాబట్టి నోరెత్తకుండా తిప్పి ఏప్రిల్ 25 గానే చదువుకుంటుంది. అంటే నెలలో మొదటి 12 రోజులు తప్పు జరుగుతుంది, 13 నుంచి అంతా సవ్యంగా ఉంటుంది. "నెల మొదట్లో మీ ప్రోగ్రాముకి ఏదో అవుద్దమ్మా, తర్వాత అదే సర్దుకుంటుంది" అని ఒక లారీ ఆఫీసు మేనేజరు గారు చెప్పినప్పుడు, ఆయనకి తెలియకుండానే జబ్బు పేరు చెప్పేశారు. షరతుల్లో తేదీని అక్షరాలుగా అతికించడం మానేసి, ఈనాటి తేదీ ఇచ్చే ఫంక్షన్‌తో తీసివేత చేయించడం నేను అప్పటినుంచి పాటిస్తున్న నియమం.

ఇక ఖాళీ గడి. ఒక కోల్డ్ స్టోరేజీలో షరతు చాలా సాదాగా ఉంది. అప్పు గడువు తేదీ ఈ రోజుకంటే ముందుదైతే వరస ఎర్రబడాలి. అన్నీ సరిగ్గానే వస్తున్నాయి, కొన్ని లాట్లు తప్ప. వాటి మీద అప్పుందని గుమస్తా గారికి తెలుసు, తెర మీద మాత్రం తెల్లగా ఉన్నాయి. కంట్రోల్, జి నొక్కి ఇమ్మీడియట్ విండో తెరిచి, ఆ లాటు గడువు ఈనాటికంటే తక్కువా అని అడిగాను. అవునూ అనలేదు, కాదూ అనలేదు. నల్ అంది. గడి ఖాళీగా ఉంటే దాన్ని దేనితో పోల్చినా జవాబు కూడా ఖాళీయే. షరతు నిజం కాలేదు కాబట్టి రంగు లేదు. అబద్ధమూ కాలేదని చెప్పడానికి తెరకి ఏ దారీ లేదు.

గడువు ఎందుకు ఖాళీగా ఉందని గుమస్తా గారిని అడిగాను. "బ్యాంకోళ్ల ఉత్తరంలో గడువు రాయరమ్మా కొన్నిటికి. మనకి తెలుసుగా, ఫలానా రైతు సంగతి" అన్నారాయన. ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఎర్ర పెన్సిలుకి తేదీతో పనిలేదు. ఉత్తరం వచ్చింది, గీత కొట్టారు. ఏ బ్యాంకు ఎప్పుడు కాగితం పంపుతుందో, ఏ రైతు అప్పు తీర్చి కాగితం తేవడం మర్చిపోతాడో అన్నీ ఆయన తలలో ఉన్నాయి. మేం ఆ గీతని తేదీల మీద షరతుగా మార్చినప్పుడు, ఆయన తలలో ఉన్నదాంట్లో కాగితం మీదున్న ముక్క మాత్రమే కంప్యూటరెక్కింది. ఖాళీగా ఉన్న ప్రతి గడీ ఆయనకి తెలిసీ ఎవరికీ చెప్పనవసరం లేని ఒక సంగతి.

నల్‌ని వేరే విలువగా మార్చే ఎన్‌జెడ్ అనే ఫంక్షన్ యాక్సెస్‌లో ఉంది. ఖాళీ అయితే నిన్నటి తేదీ అనుకో అని ఒక మాట రాస్తే ఆ లాట్లన్నీ ఎర్రబడతాయి. వచ్చే ఏడాది తేదీ అనుకో అంటే తెల్లబడతాయి. రాయడానికి ఒక నిమిషం. కాని అప్పుందో లేదో తెలియని లాటుని ఆపాలా వదలాలా అన్నది నేను తేల్చే విషయం కాదు. యజమానిని పిలిపించి గుమస్తా గారి ఎదుటే అడిగాను. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆపండి, కాని ఎరుపు వద్దు, రైతు చూస్తే బాధపడతాడు, పసుపు పెట్టండి, పసుపొస్తే కుర్రాడు నన్నడగాలి అని యజమాని చెప్పారు. ఉన్న మూడు షరతుల్లో ఒకటి ఖాళీకి ఇచ్చేశాం. పాత ఫార్మాట్ ప్రాపర్టీలో నాలుగో భాగంగా ఖాళీకి దానంతట అదే దొరికిన చోటుని, కొత్త డైలాగులో మేం అడిగి సంపాదించుకోవలసి వచ్చింది.

షరతులో మనం రాసిన ఫంక్షన్ పిలిస్తే తప్పు పట్టుకోవడం ఇంకో రకం కష్టం. ఫంక్షన్‌లో ఎఫ్9 నొక్కి ఆపే చుక్క పెడతాం. అక్కడ ఆగుతుంది. చూసుకుని ఫారం వైపు తిరిగితే యాక్సెస్ వరసలన్నీ మళ్లీ గీస్తుంది, గీయాలంటే ఆ ఫంక్షన్‌నే పిలుస్తుంది, మళ్లీ అక్కడే ఆగుతుంది. బయటపడే దారి ఉండదు. ఆపడం మానేసి, ఏ లాటుకి ఏ జవాబు ఇచ్చిందో డీబగ్.ప్రింట్‌తో ఇమ్మీడియట్ విండోలో రాయించుకుని, తర్వాత తీరిగ్గా చదువుకోవడమే పద్ధతి. అలా చదివితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఒక్కసారి తెర కదిలితే ఆ ఫంక్షన్ ఎన్నిసార్లు నడుస్తుందో చూసి గుండె గుభేల్‌మంటుంది. ప్రతి పిలుపులోనూ టేబుల్‌ని వెతికే డీలుకప్ లాంటివి ఉంటే, వరసలు ఒక్కొక్కటిగా నెమ్మదిగా రంగెక్కుతుంటాయి. ఆ వెతుకులాటని క్వెరీలోకి మార్చేస్తే ఆ నత్తనడక పోతుంది. యాక్సెస్ 2000లోనే వచ్చిన నేమ్ ఆటోకరెక్ట్ అనే సదుపాయాన్ని ఆపెయ్యడం, ఫైలుని కంపాక్ట్ చేసి చూడటం, డీకంపైల్ అనే స్విచ్‌తో తెరవడం లాంటివి కూడా మా వాళ్లందరికీ కంఠతా వచ్చు.

తెలుగు సంగతి చెప్పాలి. యాక్సెస్ 2000 నుంచి, లోపల డేటాని దాచే జెట్ ఇంజను యూనికోడ్‌కి మారింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉంది. ఆ రెండూ కలిశాక రైతుల పేర్లు తెలుగులో కనిపించడం మొదలైంది. ఊరి పేరూ ఇంటి పేరూ తెలుగులో చూసుకుని రైతులు మురిసిపోవడం నేను చూశాను. అంతటితో ఆగకుండా స్థితి అనే గడిలో కూడా "బాకీ", "తీరింది" అని తెలుగులోనే పెట్టాం. డైలాగులో షరతు రాస్తే పనిచేసింది. అదే కోడ్‌లో రాస్తే రంగు రాలేదు. వీబీఏ రాసుకునే కిటికీకి యూనికోడ్ తెలియదు. "బాకీ" అని అతికిస్తే ప్రశ్నార్థకాలు పడతాయి, అంటే షరతు ఆ ప్రశ్నార్థకాలున్న లాటు కోసం వెతుకుతుంది. బ, దీర్ఘం, క, గుడి దీర్ఘం, ఈ నాలుగింటికీ 3116, 3134, 3093, 3136 అని యూనికోడ్ అంకెలు ఇచ్చి సీహెచ్ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్‌తో మాటని కట్టించాం. వచ్చింది రంగు. కాని ఒక ఆపరేటరు "బాకీ" అని, ఇంకొకరు "బాకి" అని కొడుతుంటే మళ్లీ సగం లాట్లు తెలుపు. అప్పుడు స్థితులన్నీ ఒక చిన్న టేబుల్లో పెట్టి, ప్రతిదానికీ ఒక అంకె ఇచ్చి, షరతుని ఆ అంకె మీద రాశాం. తెలుగు మాట చదివే మనిషి కోసం, అంకె మిషను కోసం. ఇది మొదట్నుంచీ ఉండాల్సిన పద్ధతి. తెలుగులో పెట్టబట్టే అది మాకు కళ్లకి కట్టింది.

యాక్సెస్ 2007 వచ్చాక ఒక విచిత్రమైన సీజను నడిచింది. కొత్త మిషన్లు కొన్న చోటల్లా రంగులు మొత్తంగా మాయమయ్యాయి. నమ్మకం లేని ఫోల్డరులో ఉన్న ఫైలు తెరిస్తే 2007 దానిలోని కోడ్‌ని నడవనివ్వదు. తెర పైభాగంలో ఒక సన్నటి పట్టీ మీద ఆ మాట రాసి ఊరుకుంటుంది. డెలివరీ కుర్రాడు ఆ పట్టీ ఎందుకు చదువుతాడు? వాడికి తెలిసింది ఒకటే, ఎరుపు లేకపోతే తలుపు తియ్యొచ్చు. కోడ్ నడవకపోతే అన్నీ తెలుపే. ట్రస్ట్ సెంటర్‌లో ఆ ఫోల్డరుని నమ్మదగిన చోటుగా చేర్చితే సమస్య తీరుతుంది. అయితే ఆ సీజను తర్వాత నేను రాసిన ప్రతి ఫారంలోనూ మామూలు రంగుని బూడిద రంగు చేశాను. కోడ్ నడిచి, అప్పు లేదని తేలితేనే వరస తెల్లబడుతుంది. ఏ కారణంతో కోడ్ ఆగిపోయినా గేటు దగ్గర కనిపించేది బూడిద రంగే, దానికి తలుపు తియ్యరు. ఈ మార్పు చేసినందుకు నాకు చాలా తృప్తిగా ఉంది.

2010లో షరతుల హద్దు మూడు నుంచి యాభైకి పెరిగింది. గడిలోనే పట్టీ గీసే డేటా బార్లు కూడా వచ్చాయి. యజమానులు ఒక్కో కమిషన్ ఏజెంటుకి ఒక్కో రంగు కావాలని, తేజ రకానికి ఒకటి, బ్యాడిగికి ఒకటి కావాలని అడగసాగారు. నేను అడ్డుచెప్పాను. మూడే ఉన్నప్పుడు దేనికి రంగు అవసరమో కూర్చుని ఆలోచించక తప్పేది కాదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని ఆపరేటరు ఒకరు ఉన్న ఆఫీసులో, రంగుతో పాటు పక్క గడిలో "ఆపు" అనే మాట కూడా పెట్టించాను. అన్ని చోట్లా అదే చేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

షరతులని కోడ్‌లో పాతిపెట్టకుండా ఒక టేబుల్లో పెట్టడం నేను చివరికి స్థిరపడిన పద్ధతి. ఫారం తెరుచుకునేటప్పుడు కోడ్ ఆ టేబుల్ చదివి, ఒక్కొక్క వరసనీ ఒక షరతుగా చేరుస్తుంది. షరతు ఒక గడి, రంగు ఒక గడి, ఎన్నో వరసలో చూడాలన్నది ఒక గడి. వాటి పక్కన ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అనే గడులు కూడా పెట్టాను. మిషనుకి ఆ మూడింటితో పనిలేదు. పసుపు వరస ఎదురుగా యజమాని ఆ రోజు చెప్పిన మాట అలాగే ఉంది, రైతు బాధపడతాడన్న కారణంతో సహా. ఆ గుమస్తా గారు పని మానేసి ఊరికి వెళ్లిపోయాక ఆ టేబుల్ చూసే కొత్తవాళ్లు పని నేర్చుకున్నారు.

ఈమధ్య ఆ స్టోరేజీ వాళ్లు బ్రౌజర్లో నడిచే కొత్త ప్రోగ్రాముకి మారుతున్నారు. రాస్తున్న పిల్లలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి షరతుల టేబుల్ పంపమన్నారు, పంపాను. చదివి మంచి ప్రశ్న వేశారు. "గడువు తేదీని తప్పనిసరి గడి చేసేస్తే ఖాళీ అన్నదే ఉండదు కదా మేడం, ఇక పసుపెందుకు?" అని. తప్పనిసరి చేస్తే ఆపరేటరు ముందుకి పోవడానికి ఏదో ఒక తేదీ కొడుతుంది. ఈనాటి తేదీ కొట్టినవాళ్లని, 1900 జనవరి 1 కొట్టినవాళ్లని చూశాను. ఖాళీ అయితే తెలియదని తెలుస్తుంది, తప్పుడు తేదీ అయితే తెలిసినట్టే ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలే వీలు ఉంచమని, పసుపు తియ్యొద్దని, బ్యాంకు ఉత్తరం ఫొటో తీసి లాటుకి తగిలించే సదుపాయం పెట్టమని రాసి పంపాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదానికి ఖర్చెంతవుతుందో లెక్కగట్టి యజమానికి చెబుతామన్నారు.